పేరు లేని కేకు

సెప్టెంబర్ 1, ఆదివారం

అత్తగారింట్లో భోజనం. ఆవిడ మోకాలు ఇంకా తగ్గలేదు. తగ్గేదాకా మా ఆవిడా పాపా అక్కడే ఉంటారు. మోకాలి నొప్పికి సాయంగా వెళ్ళిన మనిషి కుట్టుమిషను ఎందుకు పట్టుకెళ్ళిందని నేను అడగలేదు. పాప చలికాలం కోటు కూడా అక్కడే కొక్కేనికి వేలాడుతోంది. అదీ అడగలేదు. అన్నీ అడిగితే మొగుడు కాదు, పోలీసు అవుతాడు.

మొదటి వడ్డన వాడికి. వాడంటే మా తోడల్లుడు, మరదలి మొగుడు. వయసులో నాకన్నా చిన్న, ఆ ఇంటికి చిన్నల్లుడు. ఇదివరకు మొదటి వడ్డన నాకుండేది. "బస్సు నడిపి నడిపి చిక్కిపోయాడు పాపం" అంటూ అత్తగారు వాడి కంచంలో ఇంకో గరిటె వేశారు. బస్సు నడిపితే చిక్కిపోతారా? కూర్చునే కదా నడిపేది.

ఏడాది కిందటి దాకా ఈ బుద్ధిమంతుడి సంగతి అందరికీ తెలుసు. లారీ నడిపేవాడు, తాగుడు వల్ల అది పోయింది. ఓ రాత్రి సొంతిల్లు ఏదో తెలియక పక్కింటి గుమ్మంలో వాళ్ళ చెప్పులే తలకింద పెట్టుకుని పడుకున్నాడు. ఆ రోజుల్లో అత్తగారు నాకు వడ్డిస్తూ, "మీరే నయం బాబూ, తాగినా మీకు మీ గుమ్మం తెలుస్తుంది" అనేవారు. గుడ్డికన్నా మెల్ల నయమన్నట్టు. మెల్లకన్నుగా నేను చాలాకాలం హాయిగా బతికాను. ఇప్పుడు గుడ్డివాడికి చూపొచ్చేసింది. ఇంటిల్లిపాదికీ ఇక కనిపిస్తున్నది నా మెల్లే.

వాడు ప్రతి గురువారం ఎక్కడో మీటింగుకి వెళ్తాడట. తాగుడు మానినవాళ్ళు, మానాలనుకునేవాళ్ళు గుండ్రంగా కూర్చుని ఒకళ్ళ బాధలు ఒకళ్ళకి చెప్పుకుంటారట. మానేశాకే స్కూలు బస్సు ఉద్యోగం వచ్చింది. పాత కథ స్కూలువాళ్ళకి తెలియదు.

గిన్నెలు కడిగేచోట మా ఆవిడ మెల్లగా అంది. "అతను వెళ్ళే చోటేదో అడిగి మీరూ ఓసారి వెళ్ళిరాకూడదూ?"

నేను వాణ్ణి అడగాలట. నాకేమన్నా వాడి జబ్బుందా? సాయంత్రం పని అయ్యాక రెండు పెగ్గులు, అదీ చెయ్యి కుదురుకోవడానికి. కేకుల మీద పేర్లు రాసేవాడికి చెయ్యే ఆస్తి.

సెప్టెంబర్ 3, మంగళవారం

ఇవాళ తాగలేదు. రెండే.

సెప్టెంబర్ 5, గురువారం

ఆ మీటింగు ఎక్కడో కనిపెట్టాలనుకున్నాను. చేరడానికి కాదు. అక్కడ ఏం జరుగుతుందో చూస్తే వీడి బండారం తెలుస్తుందని. అంత తాగినవాడు వట్టి మాటలతో మానేశాడంటే ఎవరు నమ్ముతారు?

మందుల షాపతన్ని అడిగాను. ఒక స్నేహితుడి కోసమని చెప్పాను. "స్నేహితుడికా?" అని నా చేతుల వంక చూశాడు. చేతులు జేబులో పెట్టుకున్నాను. గుమ్మడికాయల దొంగ సామెతలా అయింది నా పని. "పాత పోస్టాఫీసు మేడమీద, గురువారం సాయంత్రం కలుస్తారు" అన్నాడు.

వెళ్ళాను. మెట్లెక్కగానే ఒక హాలు, ప్లాస్టిక్ కుర్చీలు గుండ్రంగా. ఎవరూ ఏమీ అడగలేదు, కూర్చోమన్నారు. ఒకాయన లేచి, "అందరూ పడుకున్నాక దాచుకున్నది తీస్తాను. మా ఆవిడ వాసన చూస్తుందని నోరు కడుక్కుంటాను" అన్నాడు. అచ్చం నా సంగతే. ఇంకొకామె, "పుట్టినరోజు పార్టీలకి వెళ్ళడం మానేశాను, చూస్తే ఆగలేను" అంది. అందరూ తలలూపారు. నేనూ ఊపాను. నిజం చెప్పొద్దూ, కొంచెం కళ్ళు చెమర్చాయి కూడా.

తర్వాత నా వంతు. ఏం చెప్పాలో తోచక, "నేను బేకరీలో పనిచేస్తాను" అన్నాను. పక్కాయన కుర్చీ కాస్త జరుపుకున్నాడు. అప్పుడు చూశాను గోడమీద బోర్డు. అది షుగరు జబ్బున్నవాళ్ళ సంఘం. ఆ గదిలో నాకన్నా పెద్ద శత్రువు వాళ్ళకి దొరకడు.

టీ ఇచ్చారు, చక్కెర లేకుండా. తాగి తేలు కుట్టిన దొంగలా బయటపడ్డాను. మెట్ల మీద ఉండగా పైఅంతస్తులో ఎవరో చప్పట్లు కొట్టారు. ఎవరి అదృష్టమో.

దిగులుకి ఇంటికొచ్చి మూడు.

సెప్టెంబర్ 8, ఆదివారం

అత్తగారింట్లో కొళాయి వాడే బాగుచేశాడు. నేను వెళ్ళేసరికి పనిముట్లు నేలమీద పరుచుకుని ఉన్నాడు, పక్కన మా పాప పానా అందిస్తోంది. "బాబాయీ, ఇది చాలా?" అని అడుగుతోంది. నన్ను చూసి, "వచ్చావా నాన్నా" అంది. గుమ్మంలో పాలవాణ్ణి చూసినా అలాగే అంటుంది.

పాప ఇప్పుడు వాడి బస్సులోనే స్కూలుకి వెళ్తోంది. డ్రైవరు వెనక సీటు. ఆ సీటు కోసం మిగతా పిల్లలు కొట్టుకుంటారట, "బాబాయి నాకోసం ఉంచుతాడు" అని చెప్పింది. నా కూతుర్ని రోజూ పొద్దున్నే చూసేది వాడు. దాని జడ సరిగ్గా ఉందో లేదో, రాత్రి నిద్రపోయిందో లేదో వాడికి తెలుస్తుంది.

అత్తగారు లేచి వంటింట్లోకి చకచకా నడిచారు.

"మోకాలు తగ్గినట్టుందే" అన్నాను మా ఆవిడతో.

"ఎప్పుడో తగ్గింది" అంది.

"అయితే సామాను సర్దుకోండి."

"ఆ గదిలో ఒక్కసారి కూర్చుని రండి. ఆ తర్వాత మాట్లాడుకుందాం. అప్పటిదాకా మేం ఇక్కడే."

గట్టిగా అనలేదు, ఏడవలేదు. బట్టలు మడతపెడుతూ చెప్పింది. అరిచి ఉంటే నేనూ అరిచేవాణ్ణి, సమంగా పోయేది.

వాడు కొళాయి తిప్పి చూపించాడు. నీళ్ళు ధారగా వచ్చాయి. అందరూ వాడేదో గంగను తెచ్చినట్టు చూశారు.

సెప్టెంబర్ 10, మంగళవారం

ఇవాళ ఒక కేకు మీద పేరు రాస్తూ చెయ్యి జారింది. గీకేసి మళ్ళీ రాశాను. మళ్ళీ జారింది. మూడోసారికి కుదిరింది. ఓనరు చూడనట్టు పక్కకు తిరిగాడు. చూడనట్టు తిరగడం తిట్టడం కన్నా ఎక్కువ.

పొద్దున పూట తీసుకోకూడదని నాకో నియమం ఉంది. ఉండేది.

సెప్టెంబర్ 12, గురువారం

అసలు మీటింగు ఎక్కడో ఇంకెవరినైనా అడుగుదామని పోస్టాఫీసు మేడ దాకా వెళ్ళాను. వర్షం వచ్చేలా ఉంటే తిరిగొచ్చేశాను. రాలేదు.

సెప్టెంబర్ 16, సోమవారం

నిన్న మరదలు మొహం వెలిగిపోతూ చెప్పింది. "గురువారానికి ఆయన మానేసి ఏడాది, బావగారూ. మీటింగులో కేకు కోస్తారట. ఇంటివాళ్ళం కూడా రాకూడదట, వాళ్ళవాళ్ళే." అత్తగారు కళ్ళు తుడుచుకున్నారు. తాగనందుకు కేకా? నేను ఇన్నేళ్ళుగా ఎవరి గుమ్మంలోనూ పడుకోలేదు, ఎవరైనా నాకో బన్నుముక్క పెట్టారా?

ఇవాళ సాయంత్రం బేకరీకి టీచరమ్మ వచ్చింది. రిటైరైన టీచరు, నెలకోసారైనా వస్తుంది. ఆవిడ ఆర్డరంటే నాకు ఒళ్ళుమంట. కేకు మీద పేరుండదు. వట్టి అంకె. ఓసారి మూడు, ఓసారి ఏడు, ఓసారి పద్నాలుగు. ఎవరి పిల్లలకో పేరు కూడా పెట్టరా అని కౌంటరమ్మాయితో నవ్వేవాణ్ణి.

"గురువారం సాయంత్రానికి కేజీ కేకు. మీద ఒకటి అంకె వెయ్యండి. పేరు వద్దు" అంది.

పేర్లు రాసే క్రీము కోను నా చేతిలో అలాగే ఉండిపోయింది. గురువారం. ఒకటి. ఇన్నాళ్ళూ నేను చేసిన అంకెల కేకులన్నీ ఆ గదిలోకే వెళ్ళాయన్నమాట. వాడి కేకు నా చేత్తోనే చెయ్యాలన్నమాట.

టీచరమ్మ నా చేతినే చూస్తోంది. "మేం పాత పోస్టాఫీసు రెండో అంతస్తులో కలుస్తాం. మొదటి అంతస్తులో షుగరువాళ్ళుంటారు, అక్కడ ఆగిపోకండి. చాలామంది ఆగిపోతారు" అంది.

కేకు గురించి చెబుతోందని అనుకున్నట్టు తలూపాను. ఇప్పుడు చోటు తెలిసింది. కనిపెట్టాలన్నది కనిపెట్టేశాను. ఇంకేం కావాలి?

సెప్టెంబర్ 19, గురువారం

మంచి కేకు చేశాను. ఆ మాట ఎవరైనా ఒప్పుకోవాలి. అంచుకి గులాబీలు, మధ్యలో అంకె. చెయ్యి అస్సలు వణకలేదు.

పేరు కూడా రాశాను. ఎందుకు రాయకూడదు? అంత కష్టపడినవాడికి పేరుండొద్దా? పిల్లి పిల్లలకి కూడా పేర్లు పెడతాం. వాడి పేరు ఇంటిపేరుతో సహా రాసి, కింద "తాగుడు మానిన మొదటి ఏడాదికి అభినందనలు" అని రాశాను. ఒక్క అక్షరం వంకర పోలేదు. నిండు మనసుతో రాసిన అక్షరం అలాగే ఉంటుంది.

ఫ్రిజ్‌లో చోటు లేదు. చోటు చేసుకోవచ్చు, కానీ కూల్‌కేకులు జరపాలి. అందుకని కౌంటరు అద్దంలో ముందు వరసలో పెట్టాను. మధ్యాహ్నం స్కూలు వదిలే వేళ తల్లులు పిల్లల్ని పట్టుకుని బన్నులకు వస్తారు. వాళ్ళు వస్తారని నాకు తెలుసు. రోజూ వచ్చేవాళ్ళే. అందులో నా తప్పేముంది?

ఒకామె అద్దం దగ్గర వంగి చదివింది. పక్కామెని పిలిచింది. ఆవిడ ఫోను తీసింది.

సాయంత్రం టీచరమ్మ వచ్చి కేకు మీద రాసిందంతా చదివింది. "ఇది ఎప్పటి నుంచి ఉంది ఇక్కడ?" అంది.

"మధ్యాహ్నం నుంచి. అభినందనగా రాశాను."

"చెరిపెయ్యండి."

"చెరిపితే కేకు అందం పోతుందండీ."

కౌంటరు మీద ఉన్న బ్రెడ్డు కత్తి తీసుకుని ఆవిడే గీకేసింది. అంకె, గులాబీలు మిగిలాయి. కత్తికి అంటిన క్రీము కాగితంతో తుడిచి, ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి తన సంచిలో వేసుకుంది. నన్ను తిట్టలేదు. మనుషులు నన్ను తిట్టడం ఎందుకు మానేశారో అర్థం కావడం లేదు.

సెప్టెంబర్ 20, శుక్రవారం

అభినందనగానే రాశాను.

సెప్టెంబర్ 22, ఆదివారం

భోజనానికి పిలవలేదు. నేనూ వెళ్ళలేదు. ఇంట్లో బ్రెడ్డు ఉంది. మిగతాదీ ఉంది.

సెప్టెంబర్ 24, మంగళవారం

పాప బేకరీకి వచ్చింది. స్కూలు బట్టల్లో, చెమటతో. బస్సులో రాలేదు, నడిచొచ్చింది.

"బాబాయిని బస్సెక్కొద్దన్నారు నాన్నా" అంది. "ఎవరో ఫొటో తీసి తల్లుల గ్రూపులో పెట్టారు. తాగుబోతు చేతిలో పిల్లల్ని ఎలా పెట్టారని గొడవ. విచారణ అయ్యేదాకా రావద్దన్నారు."

"అయ్యో" అన్నాను. నా నోటికి ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో.

"బస్సులో అందరూ నన్నే చూశారు. అందుకే దిగిపోయాను." అద్దంలోని కేకుల వంక చూసింది. వాటి మీద పేర్లు, నా అక్షరాలు. చిన్నప్పుడు దాని పలక మీద దిద్దించినవి అవే. "ఆ ఫొటోలో రాత నీదే కదూ?"

"అభినందనగా రాశానమ్మా. మంచిదే కదా అందులో రాసింది."

క్రీం బన్ను ఇవ్వబోతే, ఆకలి లేదని వెళ్ళిపోయింది. స్కూలు నుంచి వచ్చిన పిల్లకి ఆకలి లేదట.

వాడికి ఉద్యోగం పోతే ఏం చేస్తాడు? ఇక తాగుతాడు. తాగక ఏం చేస్తాడు? తాగితే మళ్ళీ అంతా మొదటికొస్తుంది. రాసిపెట్టుకుంటున్నాను: వాడు తాగాలని నేను కోరుకోవడం లేదు. తాగుతాడేమో అనుకుంటున్నానంతే.

సెప్టెంబర్ 25, బుధవారం

వాడింకా తాగలేదట. మరదలు ఫోనులో మా ఆవిడకి చెబితే, మా ఆవిడ నాకు చెప్పింది. పాప నా మాట ఎత్తడం లేదని కూడా చెప్పింది.

రేపు వాణ్ణి పలకరించాలి. కష్టంలో ఉన్నాడు. ఉత్తి చేతులతో వెళ్తే ఏం బావుంటుంది?

సెప్టెంబర్ 26, గురువారం

జరిగింది జరిగినట్టు రాస్తాను. చెయ్యి బాగా వణుకుతోంది, అక్షరాలు ఎలా ఉన్నా సరే.

సాయంత్రం బట్టసంచిలో సీసా పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. వాడెప్పుడూ ఇష్టపడే రకమే కొన్నాను. మరదలు ఆఫీసు నుంచి ఇంకా రాలేదు. వాడు డ్రైవరు యూనిఫాం ఇస్త్రీ చేస్తున్నాడు.

"ఉద్యోగానికి రమ్మన్నారా?" అన్నాను. నా గొంతులో భయం నాకే వినబడింది.

"లేదన్నయ్యా. తీసేస్తే తిరిగిచ్చెయ్యాలిగా. నలిగింది ఇస్తే బాగోదు."

సీసా తీసి బల్లమీద పెట్టాను. "మనసు బాగోలేదేమోనని" అన్నాను.

వాడు ఇస్త్రీపెట్టె స్విచ్చి ఆపేశాడు. చొక్కా కాలర్ దగ్గర ఒక మడత మిగిలిపోయింది, దాన్ని చేత్తో సాపు చేస్తూ నిలబడ్డాడు. సీసా వంక చూసిన చూపు నాకు తెలుసు. నేనూ రోజూ అలాగే చూస్తాను. ఆ క్షణంలో నాకు ఎంత సంతోషం కలిగిందో రాయడానికి సిగ్గేస్తోంది. అయినా రాస్తున్నాను. కలిగింది.

"అన్నయ్యా, ఇది తీసుకుపో" అన్నాడు. వెంటనే, "వద్దు. నువ్వు తీసుకుపోతే మెట్లు దిగేలోపు మూత తీస్తావు. ఇక్కడుంటే ఆవిడొచ్చేలోపు నేను తీస్తాను. ఏం చేద్దామో నువ్వే చెప్పు."

"సింకులో పారబోసెయ్."

"పారబొయ్యాలంటే మూత తియ్యాలి. వాసనొస్తే నా వల్ల కాదు. నీ వల్ల అవుతుందా?"

అవుతుందనబోయాను. చెయ్యి జేబులోంచి బయటికి తీస్తే ఎలా ఉంటుందో తెలుసు కనక ఊరుకున్నాను.

ఇద్దరం ఆ సీసాకి చెరో పక్క నిలబడ్డాం. ఇద్దరు పెద్ద మగవాళ్ళం. ఒక గాజుసీసా. దాన్ని ఎత్తడానికి ఇద్దరిలో ఒక్కడికీ ధైర్యం లేదు. చివరికి వాడే అన్నాడు. "ఇవాళ గురువారమేగా. అక్కడికే పట్టుకుపోదాం. ఒకళ్ళం మొయ్యకూడదు, ఇద్దరం మోద్దాం."

సంచికి రెండు పట్టీలు. చెరొకటి పట్టుకుని వీధిలో నడిచాం. సంతకెళ్ళి వస్తున్న తోడికోడళ్ళలా ఉన్నాం. జనం చూస్తూనే ఉన్నారు. ఒకడి వేళ్ళు ఇంకొకడికి తగులుతున్నాయి. వాడివి కూడా చల్లగా ఉన్నాయి.

మలుపు తిరిగాక అడిగాడు. "పేరు రాసింది నువ్వే కదూ?"

"అభినందనగా రాశాను."

"అన్నయ్యా, తాగే రోజుల్లో నేను చెప్పిన అబద్ధాలు కూడా ఇంతకన్నా బాగుండేవి."

ఇంకో వీధి దాటాం. తర్వాత నేనే, "నన్ను క్షమిస్తావా?" అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో తెలియదు.

"లేదు" అన్నాడు. ఆలోచించుకోవడానికి కూడా ఆగలేదు. "రాత్రి నిద్ర పట్టదు, నీ మొహమే గుర్తొస్తుంది. కానీ ఆ మెట్లెక్కడానికి నేను క్షమించక్కర్లేదు. మానాలని ఉంటే చాలు. నాకు నచ్చినా నచ్చకపోయినా అదే రూలు."

మొదటి అంతస్తు దాటాం. రెండో అంతస్తులో టీచరమ్మ ఎదురొచ్చింది. సంచి చూసి, మమ్మల్ని చూసి, కింది నుంచి వాచ్‌మన్‌ని పిలిచి పారబోయించింది. "ఇన్నేళ్ళయినా నేను ముట్టుకోను. నా మీద నాకంత నమ్మకం లేదు" అంది. ఓసారి రాయించుకున్న పద్నాలుగు అంకె ఆవిడ సొంత కేకుదేనని అప్పుడు తట్టింది.

వాడి వంతు వచ్చినప్పుడు, "ఈ వారం తాగడానికి కారణం దొరికింది. మంచి గట్టి కారణం. ఇంకా తాగలేదు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఒక ముసలాయన లేచొచ్చి వాడి భుజం మీద చెయ్యి వేశాడు. అక్కడ కూడా నాకు కుళ్ళే. ఉద్యోగం ఊడి, మొహం పీక్కుపోయి ఉన్నవాణ్ణి చూసి కుళ్ళుకున్నాను. వాడు పడితే పట్టుకోడానికి ఒక గదినిండా మనుషులున్నారు. నాకెవరున్నారు?

నా వంతు వచ్చింది. "నేను బేకరీలో పనిచేస్తాను. మీ కేకులు నేనే చేస్తాను" అన్నాను. ఎవరూ కుర్చీ జరుపుకోలేదు. "నాకు ఒకడంటే కుళ్ళు. చాలా కుళ్ళు. ఇంకేం చెప్పాలో తెలియదు." ముసలాయన, "దాంతోనే చాలామందిమి వచ్చాం, కూర్చోండి" అన్నాడు.

చివర్లో టీచరమ్మ అందరికీ చెప్పింది, నా వంక ప్రత్యేకంగా చూడకుండా. ఇక్కడ ఎవరిని చూశారో, ఏం విన్నారో, ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పకూడదు. ఎవరి సంగతి వాళ్ళే చెప్పుకోవాలి, ఇంకొకరి పేరు మన నోట రాకూడదు.

వాడు నాతో మాట్లాడకుండానే మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

సెప్టెంబర్ 29, ఆదివారం

భోజనానికి రమ్మని మా ఆవిడ ఫోను చేసింది. గొంతు ఎప్పటిలా లేదు. వెళ్ళాక అర్థమైంది, అది భోజనం కాదు, పంచాయితీ.

గురువారం ఆఫీసు నుంచి వస్తూ మరదలు మమ్మల్ని బస్సులోంచి చూసిందట. చెరో పట్టీ పట్టుకున్న సంచి, అందులోంచి పైకి కనిపిస్తున్న సీసా మెడ. మూడు రోజులుగా మొగుణ్ణి అడుగుతోంది. వాడు చెప్పడం లేదు.

"మళ్ళీ మొదలెట్టావా నాయనా?" అన్నారు అత్తగారు.

"తాగలేదత్తయ్యా. మీటింగుకి వెళ్ళాను."

"సీసా పట్టుకునా? ఆ సీసా ఎవరిది?"

"అది చెప్పలేను."

"మీ అన్నయ్య ఎక్కడిదాకా వచ్చారు? ఆయనా వచ్చారా అక్కడికి?" మా ఆవిడ అడిగింది. ఆ మాట అడిగేటప్పుడు ఆవిడ చేతిలో మంచినీళ్ళ చెంబు అలాగే ఆగిపోయింది. వచ్చారని వాడొక్క మాటంటే ఆవిడ సామాను సర్దుకునేదేమో. అదీ వాడికి తెలుసు.

"అక్కడ ఎవరున్నారో చెప్పకూడదు వదినా. నా సంగతి మాత్రమే చెప్పగలను. నేను తాగలేదు."

మరదలు ఏడవడం మొదలుపెట్టింది. "ఉద్యోగం ఎలాగూ పోయేలా ఉంది. నన్నెందుకు ఇలా చంపుతావు? ఎవరిదో చెబితే నీ సొమ్మేం పోతుంది?" అంది. వాడు తల దించుకుని కంచంలో మెతుకులు కెలుకుతున్నాడు. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. చూస్తే అది చెప్పినట్టవుతుందని కాబోలు.

అత్తగారు గరిటె నా వైపు తిప్పారు. మొదటి వడ్డన నా కంచంలో పడింది. ఎన్నాళ్ళుగా ఎదురుచూశానో దానికోసం. ముద్ద కలిపాను. నోట్లో పెట్టుకోలేకపోయాను.

"సీసా నాది" అన్నాను. "నేనే కొని తీసుకెళ్ళాను, వాడు తాగాలని. కేకు మీద పేరు కూడా నేనే రాశాను. అభినందన కాదు, కడుపుమంట. స్కూలు తల్లులు వచ్చే వేళకి ముందు వరసలో పెట్టాను. గురువారం వాడు నన్ను ఆ గదికి తీసుకెళ్ళాడు. వాడు తాగలేదు. నేనే తాగుబోతుని."

చివరి మాట నేను అనుకుని అన్నది కాదు. వచ్చేసింది.

పాప లేచి లోపలి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. అత్తగారు నన్ను చూసిన చూపు ఇప్పుడు రాయలేను. మా ఆవిడ, "మళ్ళీ ఎప్పుడు వెళ్ళాలి?" అంది. గురువారం అన్నాను. వస్తానని గానీ రానని గానీ అనలేదు. చెంబు కింద పెట్టి, నా గ్లాసులో నీళ్ళు పోసింది.

కిందికి దిగాక వాడు వెనకే వచ్చాడు. రేపు స్కూలుకి వెళ్ళి హెడ్మాస్టరుతో మాట్లాడతాను, ఏం చెప్పమంటావని అడిగాను. "నా గురించి నేను చెప్పుకుంటాను. నువ్వు చేసింది నువ్వు చెప్పు" అన్నాడు. ఉద్యోగం నిలబడుతుందో లేదో వాడికీ తెలియదు, నాకూ తెలియదు.

దారంతా వాడి గురించే ఆలోచిస్తూ నడిచాను. నా చేతికి వాడి పేరు దొరికితే అద్దంలో పెట్టి ఊరందరికీ చూపించాను. వాడి నోట్లో నా పేరు మూడు రోజులుంది. పెళ్ళాం ఎదురుగా కూర్చుని ఏడుస్తున్నా దాన్ని బయటికి రానివ్వలేదు. అదీ నన్ను క్షమించకుండానే. ఇంతకాలం వాడి కంచంలో వడ్డన చూసి, వాడి బస్సు చూసి, వాడి కేకు చూసి కుళ్ళుకున్నాను. అదంతా వృథా కుళ్ళు. కుళ్ళుకోవలసింది దీనికి.

గురువారం వాడు నా పక్కన కూర్చోడు. నేనే వెళ్ళి వాడి పక్కన కూర్చుంటాను.